మావీకి ఒడిబియ్యం

మే 29, గురువారం

మా కోడలు మావీ ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడవకముందే నవ్వడం మొదలుపెట్టింది. వార్డులో ఒక ముసలాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడట — "ఈ చైనా పిల్ల సూది నాకొద్దు, మనోళ్ళను పిలువుండ్లి." ఈమె నరం వెతుకుతూనే, "తాతా, నాది చైనా కాదు, మిజోరం. ఇప్పుడు స్టేషన్ రోడ్డు. మా అత్తమ్మ చీరలకు ఫాల్ కుడ్తది, ఎవర్నన్నా అడుగు" అందట. అంతలో సూది దిగింది, తీసింది కూడా. నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. శ్రీను నవ్వలేదు. "ఈ నెలల ఎన్నోసారి ఇది?" అని పెళ్ళాన్ని అడిగాడు. లెక్కపెట్టలేదంది.

మా అబ్బాయికి మొదటినుంచీ నవ్వు తక్కువ. నాకు ఎక్కువ.

జూన్ 1, ఆదివారం

గబ్బూరు నుంచి వదిన ఫోన్, మా ఆయన అక్క. గురువారం ఆమె కూతురి పెళ్ళి. వంటవాళ్ళ గురించి, ఎండ గురించి అన్నీ అయ్యాక గొంతు తగ్గించి — "మగపెండ్లోళ్ళు కొత్తోళ్ళు... మావీ వస్తే అందరూ అటే చూస్తరు, పెండ్లిపిల్లను చూడరు... నీకు తెల్వనిదేముంది."

సరే అన్నాను. అంత సులువుగా ఎలా అన్నానో.

జూన్ 5, గురువారం

పెళ్ళి బాగా జరిగింది. శ్రీనుకు శక్తినగర్ కరెంటు ప్లాంటులో సెలవు దొరకలేదు, మా ఆయనా నేనూ వెళ్ళాం. "కోడలేదీ?" అని అడిగినవాళ్ళందరికీ డ్యూటీ అని చెప్పాను. మావీకేమో, పెద్దవాళ్ళను మాత్రమే పిలిచి చిన్నగా చేస్తున్నారని చెప్పి బయల్దేరాను. రెండు చోట్ల రెండు అబద్ధాలు. తీపి హోళిగలు మాత్రం అడిగి మళ్ళీ వేయించుకున్నాను.

జూన్ 6, శుక్రవారం

దొరికిపోయాను.

వదిన కొడుకు పెళ్ళి ఫోటోలు స్టేటస్‌లో పెట్టాడు. పందిరి నిండా జనం. మావీ వదినకు శుభాకాంక్షలు పంపితే, "డ్యూటీ పడ్డదంట గదమ్మా" అని జవాబు. ఫోన్ తెచ్చి నా కుట్టు మిషన్ మీద పెట్టింది.

"అత్తమ్మా, నాకు డ్యూటీ అని నీకెవరు చెప్పిన్రు? సెలవు తీసుకొని ఇంట్లనే ఉంటి గదా."

అరవలేదు. ఇస్త్రీ చేసుకున్న పట్టుచీర ఆమె మంచం మీద మడత విప్పకుండా ఉంది, తలుపులోంచి కనిపిస్తోంది. ఆ ముసలాయనకు అంత చక్కగా బదులిచ్చిన పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 8, ఆదివారం

అన్నీ మామూలే. మాట్లాడుతుంది, రొట్టెలు చేస్తుంది. కానీ ఫ్రిజ్ తెరిచే ముందు నన్ను అడుగుతోంది.

జూన్ 9, సోమవారం

మావీని బెంగళూరు ఆసుపత్రి ఏదో ఉద్యోగానికి పిలిచిందట. వచ్చే సోమవారంలోగా చెప్పాలి. శ్రీను చెప్పాడు, చూపు గోడ మీద పెట్టి.

"మరి నువ్వు?"

"ఆమె ఏడుంటే నేనాడ. బయటోళ్ళు అంటే ఓర్చుకుంటది అమ్మా. ఇల్లే గిట్ల చేస్తదనుకోలే."



జూన్ 10, మంగళవారం

పక్కింటి శాంతమ్మకు గోడ మీదుగా చెప్పుకున్నాను. అయ్యో అంటుందనుకున్నా — చీవాట్లు పెట్టింది. ఏడాదిగా రోజూ పొద్దున్నే వాళ్ళాయనకు షుగర్ సూది వేస్తున్నది మావీయే మరి. తిట్టడం అయ్యాక, కన్నడంలో — "మూరు వర్ష ఆత్. ఉడి తుంబిసీరేను?"

పెళ్ళయి మూడేళ్ళయింది, ఒడిబియ్యం పోయించావా అని. పెళ్ళైన పిల్ల ఒడిలో పసుపు బియ్యం పోయాల్సింది పుట్టిల్లు. ఐజ్వాల్ ఎక్కడ, రాయచూరు ఎక్కడ. అత్తను, నేను పోయకూడదు. పోసింది వండి చుట్టాలకు పెట్టడమే నా వంతు.

"నా తుంబతేని" అంది శాంతమ్మ. తానే పోస్తుందట, పుట్టింటి తరఫున. "వండినంక నీవాళ్ళందర్నీ పిలువు. అందర్నీ."

ఆషాఢం రాకముందే చెయ్యాలి.

జూన్ 11, బుధవారం

మావీని అడిగాను.

"ఇది నాకోసమా, నన్ను ఆపనీకా?"

రెండూ అన్నాను. ఇంకో అబద్ధం మోసే ఓపిక లేదు.

వాళ్ళమ్మతో వీడియోలో చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. చివర్లో ఆ తల్లి నాకు చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. "పోయించుకుంట. బెంగళూరు ముచ్చట మాత్రం దీన్ల కలపొద్దు" అంది మావీ. సరేనన్నాను.

జూన్ 12, గురువారం

వదినకు ఫోన్ చేశాను. 

"ఆ దినం కోడలికి డ్యూటీ లేకుండె వదినా. నువ్వు వద్దన్నవు, నేను సరేనన్న. సోమవారం ఒడిబియ్యం భోజనం. కొత్త అల్లున్ని, వియ్యపురాల్ని తోల్కొని రావాలె."

వదిన అడిగింది — "పోసేదెవరు?"

"పక్కింటి శాంతమ్మ."

"వాళ్ళు మనోళ్ళు కారు గదా."

"మావీకి అయినోళ్ళు" అన్నాను. పెట్టేసింది.

పేపర్ వెనక నుంచి ఆయన — "మా అక్కతోటి గట్ల మాట్లాడినోళ్ళను నేను చూడలే." మెచ్చుకున్నాడో, భయపడ్డాడో... టీ మాత్రం ఆయనే పెట్టి తెచ్చాడు.

జూన్ 15, ఆదివారం

మావీ చర్చి నుంచి నేరుగా శాంతమ్మ ఇంటికే వచ్చింది. పట్టుచీర కట్టుకుంది, బొట్టు లేదు. బొట్టు ఊసెత్తొద్దని శాంతమ్మ నాకు సైగ చేసింది. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, వక్కలు — కొంగు నిండింది. "అమ్మో, ఇంత బరువా!" అని మావీ అంటే అందరం నవ్వాం. లేచే ముందు పుట్టింటికి తిరిగి పిడికెళ్ళతో వేయాలి కదా, శాంతమ్మ భర్త పట్టుకున్న చేటలో వేసింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

నేను పక్కన నిలబడి చూశాను. ఎన్నాళ్ళకో మనసు హాయిగా ఉంది.

జూన్ 16, సోమవారం

వదిన వచ్చింది! అల్లుడితో, వియ్యపురాలితో.

వడ్డిస్తున్న మావీని చూసి వియ్యపురాలు — "ఈ నేపాలీ పిల్లను పనికి ఎప్పుడు పెట్టుకున్నరు?"

వదిన విస్తరి మీదికి వంగిపోయింది. మావీ గరిటె ఆగింది. నా వైపు చూసింది. బదులు చెప్పడం ఆమెకు రాక కాదు.

"మా కోడలు మావీ. మిజోరం పిల్ల, ఇక్కడ నర్సు. మీ పెండ్లికి రావాల్సింది. నేనే తోల్కరాలే."

అన్నీ చెప్పాను. "తెల్వక అన్న బిడ్డా" అంది ఆవిడ, ఎర్రబడి. "ఇప్పుడు తెలిసె గదా, ఇంకొంచెం తినుండ్లి" అని మావీ పసుపన్నం వేసింది.  వెళ్ళేటప్పుడు వదిన మావీ చేతిలో రవికగుడ్డ పెట్టి, ఆ చెయ్యి కాసేపు వదల్లేదు.

సాయంత్రం. బెంగళూరు ఫోన్ వచ్చింది. మావీ మేడ మీదికి వెళ్ళి మాట్లాడుతోంది. శ్రీను మెట్ల మీద కూర్చున్నాడు. నాకూ వెళ్ళి వినాలని ఉంది. వెళ్ళను. ఉండమని అడిగే హక్కు వంట చేసినంత మాత్రాన రాదు... ఉంటే బాగుండు.

మేడ మీద మాటలు ఆగాయి. ఇంకా దిగలేదు.