సూర్యం పెట్టిన టిక్కు

రాజమండ్రి, 12 ఆగస్టు 2009

యానాం దగ్గర మత్స్యకారుల పేటలో ఈరోజు జనం నాకోసం కూర్చుని కూర్చుని లేచి వెళ్ళిపోయారట. రొయ్యల చెరువుల మురుగు తాము వేటాడే పాయలోకి వదులుతున్నారని వాళ్ళ ఫిర్యాదు నేను రాసిపెట్టాలి. కలెక్టరుకు ఇవ్వడానికి గడువు ఈ సాయంత్రంతో సరి.

చేయాల్సిన పనుల జాబితాలో పెట్టుకున్నాను. ఇంట్లో కంప్యూటర్‌లో రాస్తే ఆఫీసు కంప్యూటర్‌లోనూ, ఫోన్‌లోనూ కనబడుతుంది. ఆ ఒక్క పనీ మూడింటిలోనూ మాయమైంది.

మా పత్రికలో ప్రూఫులు దిద్దే సూర్యాన్ని నిలదీశాను.

"ఆఫీసు కంప్యూటర్‌లో మీ జాబితా తెరిచి ఉంది, చదివాను కాబట్టి టిక్కు పెట్టానండి. మన ఆఫీసులో ఏ కాగితం చూసినా అంతేగా" అన్నాడు.

ఆ జాబితాలో టిక్కు పెడితే పని అయిపోయినట్టు లెక్క, అన్నిచోట్లా చెరిగిపోతుంది. సరే, మరి జాబితాలో దాని పైనే ఉన్న కేబుల్ బిల్లు ఎలా మిగిలింది అని అడిగాను.

"మీ ఇంటి పనులు నేనెందుకు చదువుతానండి?"

జవాబు మరీ నున్నగా ఉంది. అమాయకత్వం ఇంత సిద్ధంగా ఉంటుందా? మరచిపోవడానికి యంత్రాలకు కూడా పేదవాళ్ళే దొరుకుతారు కాబోలు.

రేపు నాతో పేటకు వచ్చి, ఈ మాటే వాళ్ళకు చెప్పమన్నాను.

"రేపు కుదరదండి. మా బావగారి చెరువులో రొయ్యలు పడుతున్నారు."