మూడో అది

జూన్ 9, సోమవారం

కొత్తవాడి మొహం మారింది.

మా కామిక్ ఈ వారం పేజీలు మా ఆయన గీసి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు. బెలూన్లలో నేను రాసిన మాటలు సరిగ్గా పట్టాయో లేదో చూసుకోవడం నా వంతు. చూస్తూ చూస్తూ ఆగిపోయాను. ఒక కన్ను ఇంకో కన్ను కన్నా కాస్త కిందికుంది. గడ్డం దగ్గర గీత మునుపటి ధీమాతో లేదు, ఆగి ఆగి, ఏదో ఆలోచించుకుంటూ వెళ్ళింది. బాగాలేదని కాదు. బాగుంది. అదే నా బాధ. ఎవరినో ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసినట్టుంది.

ఇంకో సంగతి. తొమ్మిదేళ్ళుగా వాడు ఎడమ వైపు చూస్తున్నాడు. ఈ వారం ప్రతి ప్యానెల్లోనూ కుడి వైపే చూస్తున్నాడు. అక్కడ ఎవరున్నారు?

వాడు అంటున్నాను గానీ నిజానికి ఆడపిల్లే. పదో తరగతి పరీక్షల ముందురోజు జ్వరంతో పోయిన పిల్ల. పరీక్ష రాయాలన్న కోరిక తీరక దయ్యమై తిరిగొచ్చేసరికి తన గర్ల్స్ హైస్కూలు మూసేశారు. ఎదురుగా బాయ్స్ హైస్కూలు ఒక్కటే మిగిలింది. జుట్టు కత్తిరించుకుని, అన్న యూనిఫాం తొడుక్కుని చివరి బెంచీలో కూర్చుంది. క్లాసంతా కొత్తవాడని పేరు పెట్టారు. తొమ్మిదేళ్ళయినా కొత్తవాడే. క్లాస్ లీడర్ మీద మనసు పడి, చెప్పలేక చస్తున్నాడు. చచ్చాక కూడా.

నియమం ఒకటి నేను పెట్టాను. దయ్యం అబద్ధమాడకూడదు. ఆడితే ఒంటి గీతలు ఒక్కటొక్కటిగా చెరిగిపోతాయి. మరి మగవేషంలో ఎలా నెట్టుకొస్తున్నట్టు? మన భాష దయ వల్ల. నేను వచ్చాను, నేను తిన్నాను, నేను పడ్డాను. ఆడో మగో ఆ మాటల్లో లేదు. నువ్వసలు మగపిల్లాడివేనా అని పీటీ మాస్టారు గద్దిస్తే, అనుమానమా సార్, గోడ దూకి చూపించనా అంటాడు తప్ప అవుననడు. క్రియాపదాల మీద ఎం.ఫిల్. చేసి ఏం ఒరగబెట్టావని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఇదిగో, ఇది ఒరగబెట్టాను.

ఇంట్లో కూడా వాణ్ణి వాడనే అంటాం. ఇక్కడ నోరు జారితే అక్కడ చెయ్యి జారుతుంది. బెలూన్లో ఒక్క 'వచ్చింది' పడిందంటే కథ కంచికే.

మొహం మార్చావేం అని అడిగాను. కొత్త బ్రష్ అన్నాడు.

జూన్ 12, గురువారం

మా అమ్మాయి కూడా పదో తరగతే. ఈ వారం కొత్తవాడు భలే క్యూట్‌గా ఉన్నాడమ్మా, నాన్న ఎవరినో చూసి గీసినట్టున్నారు, మా క్లాసులో అందరూ అదే అంటున్నారు అంది. అని ఊరుకోకుండా, నిన్ను చూసి మాత్రం కాదులే అని నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది.

మా ఆయన డ్రాయింగ్ బోర్డు తీసుకెళ్ళి పత్రిక ఆఫీసు మేడ మీద గదిలో పెట్టుకున్నాడు. ఇంట్లో వెలుతురు చాలడం లేదట.

జూన్ 13, శుక్రవారం

వెలుతురు చాలకపోవడమేమిటి! మా హాల్లో కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించగలను. ఎక్కించి చూశాను.

జూన్ 19, గురువారం

అనుమానం అన్నది చీమలాంటిది, ఒకటి వచ్చిందంటే వరస కడతాయి.

టీ సగం కప్పే పొయ్యమంటున్నాడు. మిగతా సగం ఎక్కడ తాగుతున్నాడు? నడిచేటప్పుడు కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుంటున్నాడు, కాలేజీ కుర్రాడిలా. ఎవరికోసం ఆ స్టైలు? ఇవాళ చూశాను, ఎడమ చేతి చిటికెన వేలి పక్కనంతా సిరా. బ్రష్ పట్టేది కుడి చేత్తో. మరి ఎడమ చేతికి సిరా ఎలా అంటింది? సిరా అంటిన చెయ్యి ఏదో ఈ చేతిని పట్టుకుంటే అంటింది.

ఇది నిజమని నేను నమ్ముతున్నానా? తెలియదు. నాకెప్పుడూ ఏదీ పూర్తిగా తెలియదు. కానీ కడుపులో మంటకి రుజువులు అక్కర్లేదు కదా.

మా ఆయనకి లోకంలో చేతకానిది ఒక్కటే, సైకిలు గియ్యడం. చక్రం గుండ్రంగా రాదు, చువ్వలు లెక్క తప్పుతాయి, గీసినంతసేపూ నన్ను తిడతాడు. ఈ వారం స్క్రిప్టులో స్కూలు సైకిల్ స్టాండు పెట్టాను. పీటీ మాస్టారు ఈల వేస్తే స్టాండు స్టాండంతా ఒకదాని మీద ఒకటి పడిపోవాలి. పైనుంచి చూసిన షాట్.

గీసుకో నాయనా. ఎవరిని పక్కన కూర్చోబెట్టుకుంటావో కూర్చోబెట్టుకుని గీసుకో.

జూన్ 24, మంగళవారం. సాయంత్రం

డైరీ వెంటనే తీశాను. ఇప్పుడే రాస్తాను, లేకపోతే రేపటికి అది నిజం కాదేమోనని నేనే అనుకుంటాను.

బట్టలు తీద్దామని బాల్కనీ వైపు వెళ్ళాను. మా ఆయన అటు తిరిగి ఫోన్లో ఉన్నాడు. అవతల అరసున్న. మా బెలూన్లలో అక్షరాలు వేసేది అతనే, మా ఆయనకి కాలేజీ నాటి స్నేహితుడు. మనిషి మరీ పొట్టి. పూర్తి సున్నకి సరిపోడని అప్పట్లోనే ఆ పేరు పెట్టారు. దాపరికాలన్నీ వాడి దగ్గరే.

విన్నది విన్నట్టు రాస్తున్నాను. పాతదాని మీద ఆశ వదులుకున్నానురా అన్నాడు. ఇన్నేళ్ళు అన్నం పెట్టింది, కాదనను, కానీ ఇప్పుడు పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఒకటే గోల, నా మాటే వినదు అన్నాడు. కొత్తది ఇంకా చిన్నపిల్ల లాంటిదిరా, మొదట్లో మొండికేసింది, ఇప్పుడిప్పుడే దారికొస్తోంది, నిన్నయితే ముద్దొచ్చిందనుకో అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇంట్లో చెప్పలేదు, చెప్తే తట్టుకోలేదు అన్నాడు.

తీగ మీది బట్టలు అలాగే వదిలేసి వచ్చాను. వాన పడింది. తడిశాయి. తడవనీ.

జూన్ 25, బుధవారం

మా ఆయన మర్యాదస్థుడు. పనమ్మాయినైనా 'ఆమె' అనే అంటాడు. ఈ ఇంట్లో 'అది' అనిపించుకునే చనువు ఇద్దరికే ఉంది, నాకూ పిల్లకీ. మూడో అది ఎవరు?

జూలై 1, మంగళవారం

అరసున్నని ఆఫీసు మెట్ల దగ్గర పట్టుకున్నాను. మేడ మీదికి ఎవరైనా వస్తున్నారా అన్నయ్యా అని మామూలుగా అడిగాను. ఎవరొస్తారమ్మా, ఎండకి పావురాలు కూడా రావు అన్నాడు. చూపు మాత్రం నా చెప్పుల మీద పెట్టాడు. నువ్వు వాడితో కాస్త మెల్లగా ఉండమ్మా అని కూడా అన్నాడు. నేనట, మెల్లగా ఉండాలట! తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళు పైన, బుద్ధులు నాకు.

సైకిల్ స్టాండు పేజీ వచ్చింది. మా ఆయన ఒక్క తిట్టూ తిట్టలేదు. పైగా ఈల వేస్తూ వచ్చి నా ముందు పెట్టాడు. చక్రాలు ఎప్పటిలాగే సొట్టలే, కానీ ఆ సొట్టల్లో ఏదో హుషారుంది. సైకిళ్ళన్నీ పక్కున నవ్వుతున్నట్టు పడ్డాయి. అన్నిటికీ పైన మన కొత్తవాడు, కుడి వైపుకి చూస్తూ.

మనిషి అంత సంతోషంగా ఉన్నాడంటే దానికి కారణం నేను కాదు. ఇన్నేళ్ళలో నేను ఈల వేయించింది లేదు.

ఈ వారం స్పోర్ట్స్ డే రాశాను. తాడు లాగే పోటీ. రెండు వైపులా క్లాసు మొత్తం. ప్రతి చెయ్యీ, ప్రతి వేలూ కనపడాలని బ్రాకెట్లో మరీ రాశాను.

రాస్తూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది. నాకు మండుతున్నది మొగుడు పోతున్నందుకా, బొమ్మ పోతున్నందుకా? ఆ మొహం నేను కన్నది. మాటలు నావి, ఉపాయం నాది. ఇంకెవరిదో మూతీ ముక్కూ తెచ్చి దానికి అతికిస్తే ఊరుకుంటానా?

జూలై 4, శుక్రవారం

స్పోర్ట్స్ డే కూడా గీసిపెట్టాడు. వేళ్ళతో సహా.

అయితే సరే. చివరి ఎపిసోడ్ రాసేశాను. స్కూలు వదిలాక లీడర్ అడుగుతాడు, నువ్వు ఆడపిల్లవా అని. కొత్తవాడు ఈసారి ప్రశ్నకి ప్రశ్న వెయ్యడు. కాదు అంటాడు. తొమ్మిదేళ్ళలో మొదటి అబద్ధం. ఒక్కొక్క గీతా చెరిగిపోతుంది. జుట్టు, కాలరు, కళ్ళు. ఆఖరి ప్యానెల్ ఖాళీ. తెల్ల కాగితం.

నీ ముద్దుల మొహం పోయిందిగా, ఇప్పుడు ఎవరిని చూసి ఏం గీస్తావో గియ్యి.

నిలబడే చదివాడు. కాగితం ఎడమ చేత్తో పట్టుకున్నాడు, కుడిది జేబులోనే. ఖాళీ ప్యానెల్ దగ్గర ఆగాడు. ఇప్పుడేనా, ఇప్పుడిప్పుడే దారికొస్తుంటే అన్నాడు. ఏది దారికొస్తోంది అన్నాను. కథ అన్నాడు.

కథ కూడా 'అది'యే. బాగా తప్పించుకున్నాడు, నా దయ్యం దగ్గరే నేర్చుకుని.

జూలై 8, మంగళవారం

మధ్యాహ్నం వెళ్ళాను. చెప్పకుండా.

మెట్లెక్కుతుండగానే గొంతు వినపడింది. తలుపు దగ్గరగా వేసుంది. ఒసేయ్, అటు కాదే అంటున్నాడు. ఇటు రా, మెల్లగా, ఆఁ, అలాగ, నా బంగారం కదూ అంటున్నాడు. పెళ్ళయ్యాక నన్ను బంగారం అన్నది ఒక్కసారి, అదీ ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో.

తలుపు తోశాను. తోశాను అనడం మర్యాద, తన్నాను.

గదిలో మా ఆయన తప్ప ఎవరూ లేరు. అయినా బీరువా వెనక చూశాను.

బోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి తొడ కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు, అల్లరి పిల్లని గోడకుర్చీ వేయించినట్టు. ఎడమ చేతిలో బ్రష్. నాలిక పళ్ళ మధ్య బిగించి ఉంది, ఒకటో తరగతి పిల్లాడిలా. తలుపు కొట్టొచ్చు కదే అన్నాడు.

ఎవర్తెతో మాట్లాడుతున్నావు అన్నాను. దీనితో అని ఎడమ చెయ్యి చూపించాడు. మరి పాతది అన్నాను. తొడ కిందినుంచి కుడి చెయ్యి తీసి బోర్డు మీద పెట్టాడు. ఫ్యాను కింద కాగితంలా కొట్టుకుంది. దాని మీద తన ఎడమ చెయ్యి వేసి ఆపబోయాడు. ఆగలేదు. నేను వేశాను. అప్పుడు కూడా ఆగలేదు.

ఇన్నేళ్ళు అన్నం పెట్టింది.

ఆడమనిషికీ వస్తువుకీ ఒకటే అది, రెండింటికీ వచ్చింది, వెళ్ళింది, ముద్దొచ్చింది. నా థీసిస్ రెండో అధ్యాయం అంతా అదే. ఉదాహరణలతో సహా.

జూలై 9, బుధవారం

ప్రాణానికేం లేదట. గీతకేనట. వాళ్ళ నాన్నకీ ఈ వణుకు ఉండేది, ఈ వయసులోనే మొదలయింది, మందులతో కొంచెం తగ్గుతుంది, సన్న బ్రష్ పట్టుకునేంత తగ్గదని డాక్టర్ చెప్పాడట. ఎడమ చేత్తో గీస్తుంటే మొహాలు వాటంతటవే కుడి వైపుకి తిరుగుతున్నాయట, ఎంత చూసుకున్నా. అక్కడెవరూ లేరు.

నాకెందుకు చెప్పలేదంటే, చెప్తే తేలిక సీన్లు రాస్తావు, నీ సంగతి నాకు తెలియదా అన్నాడు. గుంపులుండవు, సైకిళ్ళుండవు, అందరూ కూర్చుని మాట్లాడుకుంటుంటారు, నీ జాలితో కామిక్ రేడియో నాటకమయిపోతుంది అన్నాడు. సైకిల్ స్టాండు చూసి ముందు ఏడుపొచ్చిందట. తర్వాత, ఇది గీస్తే ఏదైనా గీస్తానని పంతం పట్టాడట. తాడు లాగే పోటీ అయ్యేసరికి కొత్తది దారికొచ్చిందట. నువ్వు అడ్డమైనవీ రాయకపోతే నేను ఇంకా సున్నలే దిద్దుకుంటూ ఉండేవాణ్ణి, అంతా నీ చలవే అన్నాడు.

ఖాళీ ప్యానెల్ చూసినప్పుడు మాత్రం గుండె జారిందట. తెలిసిపోయి జాలిపడి రాశావనుకున్నాను అన్నాడు.

జాలి! చివరి ఎపిసోడ్ వెనక్కి తీసుకుని, తొందరపడ్డానులే అన్నాను. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. నా ఒంటి మీద గీతలు అలాగే ఉన్నాయి.

కానీ ఒకటి పోలేదు. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్ళింది అరసున్న. మొదటి వంకర గీత చూసింది అరసున్న. ఆ చెయ్యి వణకడం నాకన్నా ముందు వాడు చూశాడు. మూడో అది లేదని తేలిపోయినా ఆ మంట ఆ పొట్టి మనిషి మీదికి బదిలీ అయింది. రేపు వాడికి వంకాయంత బెలూన్లో పట్టాల్సిన పేరాగ్రాఫు రాసిస్తాను, ఇరికించుకుని చస్తాడు.

జూలై 14, సోమవారం

బోర్డు ఇంటికి తెచ్చాం. వెలుతురు చాలుతోంది.

ఈ వారం స్క్రిప్టు, మొదటి ప్యానెల్: స్కూలు వదిలారు. రోడ్డు నిండా సైకిళ్ళు. కొత్తవాడు కుడి వైపు చూస్తున్నాడు.

నా కుర్చీ బోర్డుకి కుడి పక్కన వేసుకున్నాను. ఇక ఎవరిని చూస్తాడో చూస్తాను.