ఎర్ర ఫిల్టరులో అమ్మ బొట్టు

ఆదివారం, రాత్రి.

నాన్నను గుండె ఆపరేషనుకు రేపు కర్నూలు తీసుకుపోతున్నాం. “పోయేముందర మా ఇద్దరిదీ ఒక ఫోటో తియ్యి పాపా” అని అమ్మ అడిగింది. సాయంత్రం చేను గట్టున నిలబెట్టి, స్టూడియో మస్తాన్ మామ ఇచ్చిన పాత రీలు కెమెరాతో తీశాను. నలుపు తెలుపు ఫిల్ములో మబ్బులు బాగా కనపడాలని లెన్సుకు ఎర్ర ఫిల్టరు బిగించాను.

ఇంటికొచ్చి దాన్ని విప్పాను. మరక పడిందేమోనని కంటికి అడ్డం పెట్టుకుంటే, ఎదురుగా ఉన్న అమ్మ నుదుట బొట్టు లేదు. ఎర్రద్దంలో ఎరుపు మాయమైంది. ఫోటోలోనూ అట్లే పడి ఉంటుంది. ఇంత చదివినా తీసేటప్పుడు ఆ సంగతి తట్టలేదు. శకునాలు నేను నమ్మను. అయినా అద్దం పక్కకు తీసి, అమ్మ నుదుట బొట్టు ఉందో లేదో మళ్ళీ చూశాను. నాన్న ఆసుపత్రిలో ఉండగా అమ్మ ఆ ఫోటో చూస్తే...

“ఏమే, అట్ల చూస్తాండావు?” అంది అమ్మ.

“చెయ్యి కదిలింది మా. బస్సెక్కేముందర ఇంకొకటి తీస్తా.”

“సరేలే. ఈ తూరి బొట్టు ఇంకొంచెం పెద్దగా పెట్టుకుంటా.”

రీలులో ఒక్క ఫోటోకే చోటుంది. బస్సేమో తెల్లారకముందే వస్తుంది. ఫిల్టరు లేకపోయినా, ఆ మసక వెలుతురులో అమ్మ ముఖమైనా పడుతుందో లేదో...