ముప్పై తొమ్మిదో దెబ్బ

ప్రియమైన అమ్మియ అక్కకు, ఫిలదెల్ఫియ నుంచి నీ తమ్ముడు రాసేది.

ఈ ఉత్తరం అందేలోపే నీ కొడుకు జోసిము గాడిద మీద బోర్లా పడుకుని సార్దీస్ చేరి ఉంటాడు. వాడి వీపు చూసి నువ్వు తిట్టే తిట్లు నాకిక్కడికే వినిపిస్తున్నాయి. తిట్టు. కొట్టింది నేనే. మన యూదుల మందిర పరిచారకుడికి రెండు పనులు: శనివారం విశ్రాంతి దినాన గ్రంథపు చుట్ట తీసివ్వడం, పెద్దలు తీర్పు చెప్పిన రోజు కొరడా పట్టడం. అక్కడ బావ చేసేదీ ఇదేగా, నీకు కొత్తగా చెప్పాలా.

వాడు మా ఊరు వచ్చిన మర్నాడే విశ్రాంతి దినం. ధర్మశాస్త్రం చదవడం అయ్యాక, పొరుగూరి నుంచి వచ్చిన చదువరిని నాలుగు మాటలు చెప్పమనడం మన ఆచారం. పెద్దల చెవిలో వాడి పేరు ఊదింది నేనే. మేనల్లుడని గొప్ప. ప్రవక్తలతో మొదలెట్టాడు. అందరూ తలలూపారు. మన దేవుడంటే భయమున్నా సున్నతికి జంకి వెనక బల్లల మీదే కూచునే గ్రీకులు కూడా మెడలు సాచి విన్నారు. అప్పుడు చెప్పాడు: మెస్సీయ వచ్చేశాడట, సిలువ మీద చనిపోయి లేచాడట, ఆ గ్రీకులు సున్నతి లేకుండానే మనవాళ్ళట. మందిరం గగ్గోలెత్తిపోయింది.

ఇంటికొచ్చాక బతిమాలాను. "ఒరే, ఊళ్ళో ఇంత సంత ఉంది. మా మందిరమే దొరికిందా నీకు?"

"సంతలో అయితే దేవుడొక్కడే అన్న దగ్గర్నుంచి చెప్పుకురావాలి మామయ్యా. మీరు తరతరాలుగా దీపం పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. వచ్చాడని ముందు మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను?"

"దెబ్బలు తింటావురా. నేను మీవాణ్ణి కానని ఒక్క మాట అనేయ్. పెద్దలకి నీ మీద అధికారం ఉండదు."

"అలా అంటే ఇంకే మందిరంలోనూ నోరు విప్పనివ్వరు" అన్నాడు.

సోమవారం స్తంభానికి కట్టాను. పెద్దల తీర్పు నలభై దెబ్బలకి ఒకటి తక్కువ. లెక్కపెట్టేది ముసలి ఒనియ. మేనల్లుడని తేలిగ్గా కొట్టాడంటారేమోనని గట్టిగానే కొట్టానక్కా. ముప్పై ఎనిమిదో దెబ్బకి ఒనియ మనసు కరిగింది. "ముప్పై తొమ్మిది, ఇక చాలు" అన్నాడు. కొరడా దించాను. నీ కొడుకు మొహం తిప్పి, "కాదు తాతా, ముప్పై ఎనిమిదే. శిక్ష పూర్తయితేనే నేను మళ్ళీ మీ సోదరుణ్ణి. మామయ్యా, కొట్టు" అన్నాడు.

పెద్దలు నావైపు చూశారు. కొట్టాను.

ఆ వీపు మీద మళ్ళీ కొరడా పడితే మనిషి మిగలడని వైద్యుడన్నాడు. వాణ్ణి గడప దాటనివ్వకు.

నీ తమ్ముడు,
దోసితే

*

తమ్ముడు దోసితేకి, అక్క దీవెనలు.

నిన్ను తిట్టలేదు. ఆ ఓపిక కూడా లేదు. పదకొండు రోజులు బోర్లా పడుకున్నాడు. పన్నెండో రోజు విశ్రాంతి దినం, లేచి అంగీ తొడుక్కున్నాడు. తలుపుకి అడ్డం నిలబడ్డాను. "ముప్పై తొమ్మిదీ తిన్నానమ్మా, నన్నెవరూ ఆపలేరు" అని పక్కకి జరిపాడు. నువ్వు ఆ ఒక్క దెబ్బ కొట్టకపోతే ఏ మందిరమూ వాణ్ణి పిలిచేది కాదు, నా కొడుకు నాకు మిగిలేవాడు. ముప్పై ఎనిమిది కొట్టినందుకు నాకు నీ మీద కోపం లేదురా.

ఊళ్ళు తిరిగొచ్చిన చదువరి కదా, మాట్లాడమన్నారు. అవే మాటలు చెప్పాడు. తీర్పు కూడా అదే. రేపే సోమవారం. మీ బావ పొద్దుటినుంచి ముద్ద ముట్టలేదు, వాకిట్లో కూచుని కొరడాకి నూనె రాస్తున్నాడు. "మెత్తబడితే చర్మం తక్కువ తెగుతుందే" అంటున్నాడు.

లెక్క ఎవరు పెడతారని అడిగాను. ముసలివాళ్ళ జాలిని నమ్మలేను, నేనే పెట్టుకుంటానన్నాడు నీ మేనల్లుడు.

నీ అక్క,
అమ్మియ