తెల్లకోటు పేషెంటు

ఫిల్మ్ నగర్,
ఆదివారం, పూజ నుంచి వచ్చాక.

చిట్టితల్లి ఫెబాకు,

యేసు మరియ జోజప్పల దీవెనలు నీకూ, మఠంలో నీతోటి నోవిస్ పిల్లలందరికీ తోడుండాలి. ఇక్కడ మేమిద్దరం క్షేమమని రాయడం ఆనవాయితీ కనక రాస్తున్నాను. ఎంత క్షేమమో కింద చదివి నువ్వే తేల్చుకో.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నా బీపీ ఉప్పు వల్ల పెరగడం లేదు, మీ నాన్న ఫోను వల్ల పెరుగుతోంది. నువ్వు చెప్పిన తెల్ల దుప్పటి కొన్నాను. ఇక నాన్నకి పెళ్లినాటి సూటు పట్టిందా అని అడిగావు చూడు, అక్కడే వచ్చింది తంటా.

నువ్వు దేవుడికి మాటిచ్చి సిస్టరుగా మాటపట్టు చేసే రోజున ఆ సూటే వేసుకుని నిన్ను పీఠం దాకా నడిపించుకొస్తానని ఆయన ఊరంతా చెప్పుకున్నారు కదా. తీరా తీసి చూస్తే బొత్తానికీ కాజాకీ జానెడు దూరం. దాంతో జూబ్లీ హిల్స్‌లో ఒక జిమ్ములో చేరారు. యాభై ఆరేళ్ల మనిషి నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు. ఊహూఁ! పక్కన కుర్ర హీరోలు పెట్టె మీదికి ఎగురుతుంటే తనూ ఎగరాలి. ఎగిరారు. మడమ వెనక టప్పుమంది. గిర్రున తిరిగి, "ఎవడ్రా నన్ను తన్నింది?" అని జిమ్మంతా దద్దరిల్లేలా అరిచారట. ట్రైనరు చరణ్ తేజ పరిగెత్తుకొచ్చి, "సార్, ఎవ్వరు తన్నలే. మీ యెనక గోడనే ఉన్నది, జర సూడుండ్రి" అన్నాడట. ఇంటికొచ్చాక కూడా ఎవరో తన్నారనే అన్నారు.

ఇంకెవరైనా అయితే డాక్టరు దగ్గరికి వెళ్తారు. మీ నాన్నకి ఆ అవసరం ఏముంది? ఇరవై ఏళ్లుగా సినిమాల్లో, సీరియళ్లలో ఆయనే డాక్టరాయె! సొంత తెల్లకోటు, సొంత స్టెతస్కోపు ఉన్నాయని మేనేజర్లు ఆ వేషమంటే ముందు ఈయనకే ఫోను చేస్తారు. కాలనీ వాళ్లు కూడా జ్వరమొస్తే "డాక్టరు గారూ" అంటూ మాత్ర పేరు అడుగుతారు, ఈయన చెప్పేస్తారు కూడానూ. తను చదివింది బీకాం అన్న సంగతి ఆయనే మర్చిపోయారు.

సోఫాలో కాలు చాపుకుని ఫోనులో గంటసేపు వెతికారు. "తెరెసా, ఇది కాఫ్ స్ట్రెయిన్. గ్రేడ్ వన్. పిక్క కండరం కొంచెం సాగింది, అంతే" అని సీరియల్ గొంతుతో తేల్చేశారు. నరం తెగిందేమోనండీ అంటే, "తెగితే నడవలేరని ఇక్కడ రాశాడు. నేను నడుస్తున్నానా లేదా?" అని హాల్లో కుంటుకుంటూ ఒక చుట్టు తిరిగి చూపించారు. కింద ఇంకా నాలుగు లైన్లున్నాయి, అవీ చదవండి మహానుభావా అంటే వింటేనా! ఒక వీడియోలో ఐసు పెట్టమంటే ఐసు, ఇంకో వీడియోలో వేణ్ణీళ్లంటే వేణ్ణీళ్లు. మెట్టు అంచున నిలబడి మడమ కిందికి సాగదీయమని ఎవడో చెబితే అదీ చేశారు, నా ఖర్మ. మూడు వారాలు ఆ కాలిని అలా హింస పెట్టారు.

పోయిన మంగళవారం ఒక నిజం ఆసుపత్రిలో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని సీరియల్ షూటింగు పెట్టారు. ఈయన వరండాలో పరిగెత్తాలి. నాలుగడుగులు వేసి గోడ పట్టుకున్నారు. అటుగా వెళ్తున్న ఎముకల డాక్టరమ్మ, హిమజ అని, నీకంటే కొంచెం పెద్దది, ఆగి చూసి లోపలికి తీసుకెళ్లింది. కబురందుకుని నేను వెళ్లేసరికి మీ నాన్న తెల్లకోటుతోనే మంచం మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఆ అమ్మాయి మంచి కాలి పిక్క నొక్కింది, పాదం కదిలింది. రెండో పిక్క నొక్కింది. పాదం కదల్లేదు.

"పిక్కనీ మడమనీ కలిపే నరం, టెండన్, పూర్తిగా తెగింది అంకుల్. మిగతా కండరాలతో నెట్టుకొస్తున్నారు కాబట్టి నడుస్తున్నారు. మొదటి రోజే ఎందుకు రాలేదు?" అంది.

నాకు కోపం ఆగలేదు. "ఆయనా డాక్టరేనమ్మా, అందుకే రాలేదు" అన్నాను. అన్నాక ఆయన మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

ఆలస్యమయ్యే కొద్దీ కుంటడం అలాగే ఉండిపోతుందట. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, తరవాత చాలా వారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదు. మీ నాన్న ససేమిరా అన్నారు. "వచ్చే నెల నా బిడ్డ మాటపట్టు. దాని పక్కన నడిచాకే ఏదైనా" అని ఒకటే పట్టు. ఇంటికొచ్చి మళ్లీ ఫోను! తెగిన నరం నూనె రాస్తే అతుక్కుంటుందని ఎవరో పెట్టిన వీడియో చూస్తూ కూర్చున్నారు. నీకు ఒక్క ముక్క రాయనని నాచేత ఒట్టు కూడా వేయించుకున్నారు. ఆ ఒట్టు ఏమైందో చూస్తూనే ఉన్నావు.

ఇక అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు తల్లీ. పాపం మూటకట్టుకుని ఎలా తీసుకోనని ఇవాళ పూజలో సత్ప్రసాదం కూడా తీసుకోలేదు. నిన్న నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని ఆయనకి అబద్ధం చెప్పాను. పక్కింటి మంజులత నీకు రాసేసిందని ఇంకో అబద్ధం. చేతికందిన కరెంటు బిల్లు విప్పి, మంచానికి ఇవతల నిలబడి చదివేశాను: "నాన్నా, నీ కాలి సంగతి తెలిసింది. ముందు ఆపరేషన్ చేయించుకో. నువ్వు చక్రాల కుర్చీలో రా. నేనే ఆ కుర్చీ తోసుకుంటూ నీతో పీఠం దాకా వస్తాను."

ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. లోపల్నుంచే, "మళ్లీ చదువు" అన్నారు. చదివాను. "సరే, ఆ డాక్టరమ్మకి ఫోను చెయ్యి" అన్నారు. గురువారం ఆపరేషన్.

ఆపరేషనై ఇంటికొచ్చాక ఆ ఉత్తరం తనే చదువుకుంటారట, జాగ్రత్తగా దాచమన్నారు. కాబట్టి వెంటనే కూర్చుని, నేను చెప్పినట్టే రాసి పంపు. అది పాపమని మీకు శిక్షణ ఇచ్చే నోవిస్ మిస్ట్రెస్ గారు ఒప్పుకోకపోతే రాయకు, ఆయనకి నేనే చెప్పుకుంటాను. కానీ ఆ రోజు ఆ కుర్చీ మాత్రం నిజంగా నువ్వే తొయ్యి తల్లీ. అప్పుడు నేను చదివింది అబద్ధం కాకుండా పోతుంది.

ఇట్లు,
ఈ శనివారం ఫాదరు గారి దగ్గర పాపసంకీర్తనానికి వెళ్లబోతున్న
మీ అమ్మ,
తెరెసా