అలలు చూడకుండా రాశాను

అక్కా,

బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, అమ్మని బెంగ పెట్టుకోవద్దను. బాబాయ్ సర్ఫింగ్ స్కూల్లో నా పని తెలుసుగా. పొద్దున్నే ఒడ్డుకెళ్ళి, అలలెంత ఎత్తున్నాయో, గాలి ఎటుందో చూసొచ్చి గుమ్మం పక్కన సుద్దతో రాయాలి. నాకు సముద్రమంటే భయమని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. రోజూ సందు చివరిదాకా వెళ్ళి, కాసేపు నిలబడి, రేడియోలో చెప్పిందే రాసేస్తున్నాను.

శనివారం "నడుమెత్తు అలలు, కొత్తవాళ్ళు దిగొచ్చు" అని రాశాను. మొన్నటి తుఫానుకి ఒడ్డు దగ్గర నీళ్ళ కింది ఇసుకతిన్నె జరిగిపోయి, అక్కడ లోపలికి లాగే ప్రవాహం పుట్టిందట, రేడియోకేం తెలుస్తుంది? నేర్చుకోడానికొచ్చిన టీచరమ్మని నీళ్ళు లోపలికి లాగేశాయి. బాబాయ్ ఈదుకెళ్ళి తీసుకొచ్చాడు. ఆవిడ క్షేమమే.

"చూసే రాశావా, తల్లీ?" అన్నాడు.

"చూశా బాబాయ్."

"అయితే నాకే కళ్ళు మసకబారాయి. తిన్నె జరిగితే నీళ్ళలో దిగిన నాకు కనబడొద్దూ? ఇక నేర్పింది చాల్లే."

అప్పట్నుంచి పాఠాల్లేవు. పిన్ని ఇప్పటికీ నాకే ముందు వడ్డిస్తోంది, ఆవిడ మొహం చూడలేక పళ్ళెం వసారాలోకి తెచ్చుకుంటున్నాను.

నా పాత కాన్వాస్ షూస్ పంపు. నాన్న దగ్గు తగ్గిందా? నా మంచం మీద ఎవరు పడుకుంటున్నారు? ఇక్కడ నాతో ఎక్కువ మాట్లాడేది రేడియోనే. రేపు ఛాతీ ఎత్తు అలలట, మధ్యాహ్నం నుంచి ఎదురుగాలట.

నానమ్మకి నా ముద్దులు. బాబాయ్‌తో నిజం చెప్దామని మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ టీ కావాలా అని అడిగి వచ్చేశాను. అందుకే ఈ పోస్టుకార్డు డబ్బాలో వెయ్యమని ఆయన చేతికే ఇస్తున్నాను. చదవకుండా వెయ్యడం ఆయన వల్ల కాదు.

నీ చెల్లి