బొబ్బర్ల అన్నం ఎవరిది?

అమ్మకు, నేను కులాసా. చలికి మాత్రం ముక్కు ఊడిపోతోంది.

మన మిసిసిపీలో కొత్త నల్లమనిషి కనబడితే "ఏ చర్చి?" అంటాం కదా, లండన్‌లో "ఏ దేశం?" అంటారు. అమెరికా అంటే చాలదు. "అంతకు ముందు?" అంటారు!

కొత్త సంవత్సరానికి నీలాగే బొబ్బర్ల అన్నం వండి ఇంట్లోవాళ్లకు పెట్టాను. నేను అద్దెకుండే ఇంటావిడ హయసింత్‌ది జమైకా. "కొబ్బరిపాలు పోయలేదేమే పిల్లా? అయినా ఇది మా వంటేలే" అంది. పైవాటాలో ఉండే నైజీరియా ఆయన బంకోలే "మీదెలా అవుతుందండీ? అచ్చం మా అమ్మ చేతి వంట!" అంటూ గిన్నె లాక్కున్నాడు. పోట్లాడుకుంటూనే ఇద్దరూ ఊడ్చేశారు. నాకు మెతుకు మిగల్లేదు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మమ్మకు ఆ వంట ఎవరు నేర్పారో పెద్దమ్మనడిగి రాయి. నాన్నకు ముద్దులు.

ఈసారి ఎవరైనా "అంతకు ముందు?" అంటే, గరిటెడు వడ్డించి "తిని మీరే చెప్పండి" అంటాను.

నీ వెర్లీన్